ఆ గ్లాసు నీళ్లు నేను తాగలేదు

ముప్పై ఒక్క సంవత్సరాలు నేను నీళ్లు పరీక్షించే ప్రభుత్వ ప్రయోగశాలలో కెమిస్టుగా పనిచేశాను. ఊళ్ల నుంచి బోరు నీళ్లు, బావి నీళ్లు ప్లాస్టిక్ సీసాల్లో వస్తాయి. అవి తాగడానికి పనికొస్తాయో లేదో తేల్చి చెప్పడం మా పని. మొదట కడప జిల్లాలో ఉండి బద్వేలు చుట్టుపక్కల ఊళ్ల సీసాలు చూశాను. చివరి పద్నాలుగేళ్లు కర్నూలులో గడిచాయి.

రిటైరైన తర్వాత మా చర్చి యువజనుల కూటంలో నన్ను మాట్లాడమన్నారు. ‘ఉద్యోగంలో శోధనలు’ అని అంశం ఇచ్చారు. శోధన అంటే మా చర్చి భాషలో మనిషిని తప్పు వైపు లాగేది. లంచాల గురించి చెబుతానని అందరూ ఎదురుచూశారు. నేనూ అదే చెప్పి, పది నిమిషాల్లో కూర్చున్నాను. అసలు సంగతి దాటవేశానని ఇంటికొచ్చాక తెలిసింది. దాటవేసినది ఇక్కడ రాస్తున్నాను. ప్రమోషన్ల జోలికి, ఫైళ్ల జోలికి పోను. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న పిల్లలు, అందులోనూ ఆదివారం బైబిలు పట్టుకుని గుడికి పోయే పిల్లలు, చదివితే చాలు.

లంచం గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. అది నన్ను పెద్దగా కష్టపెట్టలేదు. కవరు పట్టుకుని వచ్చేవాడి ముఖం చూడగానే తెలిసిపోతుంది. కాదు పొమ్మంటే పోతాడు. నన్ను నిజంగా పట్టి కుదిపిన శోధనలు వేరు. ఒకటి అలసట. ఇంకొకటి జాలి. అన్నిటికంటే పెద్దది, నా వాళ్లలో నేను ఒకదాన్నిగా ఉండాలన్న ఆశ.

ఖాదర్ బాషా సార్

నా మొదటి అధికారి పేరు ఖాదర్ బాషా. సన్నగా, పొడవుగా ఉండేవాడు. ఎవరినీ గట్టిగా అనేవాడు కాదు. సీసా రాగానే దాని మీద ఊరి పేరు చింపేసి నంబరు వేసేవాడు. ఏ ఊరి నీళ్లో, ఎవరి బోరో పరీక్ష చేసేవాళ్లకు తెలియకూడదని ఆయన పట్టుదల. తెలిస్తే చెయ్యి వణుకుతుందనేవాడు.

నేను చేరిన ఏడాది రంజాను నడివేసవిలో వచ్చింది. బద్వేలు ఎండ సంగతి ఆ పక్కవాళ్లకు చెప్పనక్కరలేదు. మా గదిలో ఒక్క ఫ్యాను. అప్పట్లో మేము నీళ్లను గాజు గొట్టంతో నోటితోనే పీల్చి కొలిచేవాళ్లం. రబ్బరు బుడ్డి ఒక్కటే ఉండేది. రంజాను నెలంతా సార్ దాన్ని తన దగ్గర పెట్టుకుని, నోరు తగలకుండా దానితో పీల్చేవాడు. పెదవులు ఎండి పగిలిపోయి ఉండేవి. చుట్టూ నలభై సీసాల నీళ్లు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను, దప్పిక కాదా సార్ అని.

"అయితాది. అయితే ఏమి?" అన్నాడు. "అయినంత మాత్రాన తాగల్లనా?"

అంతే. మళ్లీ సీసా మీదికి వంగాడు. శోధన గురించి నేను విన్న ప్రసంగాలు లెక్కలేనన్ని. మా అయ్యగార్లు, అంటే మా పాస్టర్లు, నొచ్చుకుంటే నొచ్చుకోనీ, ఆ మాటను మించిన ప్రసంగం నేను వినలేదు. కోరిక పుట్టడం తప్పు కాదు. దానికి లొంగి తీరాలని ఎక్కడా రాసి లేదు.

తొమ్మిది సీసాలు

ఇంత మంచి గురువు దగ్గర పనిచేస్తూనే నేను ఒక పాడు పని చేశాను.

కడపలో మూడు రోజుల సువార్త సభలు. నేను శుక్రవారం మధ్యాహ్నం బస్సు ఎక్కాలి. సార్ సెలవులో ఉన్నాడు, సీసాల మీద ఊరి పేర్లు చింపేవాళ్లు లేరు. బల్ల మీద ఇంకా తొమ్మిది సీసాలు మిగిలాయి. అన్నీ ఒకే మండలం నుంచి వచ్చినవి. అంతకుముందు వారం ఆ చుట్టుపక్కల ఊళ్ల నీళ్లు చూశాను, ఫ్లోరైడ్ తక్కువే ఉంది. ఇవీ అలాగే ఉంటాయిలే అనుకున్నాను. తొమ్మిదింటికీ అంకెలు వేసేశాను. సున్నా పాయింటు తొమ్మిది, ఒకటి, ఒకటి పాయింటు ఒకటి. నమ్మకంగా కనబడేలా కొంచెం కొంచెం తేడాలతో రాశాను. ఆ తెలివి నాకు ఎక్కడి నుంచి వచ్చిందో. సంతకం పెట్టి రిపోర్టులు పంపి, బస్సు ఎక్కి, సభల్లో ముందు వరసలో కూర్చుని కన్నీళ్లతో ప్రార్థన చేశాను. ఆ కన్నీళ్లు దొంగవి కావు. అదే నాకు ఇప్పటికీ భయం వేసే సంగతి.

ఏడాదిన్నర తర్వాత ఆ తొమ్మిదింటిలో ఒక పంపు నీళ్లు మళ్లీ పరీక్షకు వచ్చాయి. ఎర్రటి మందు కలిపితే, ఫ్లోరైడ్ ఎక్కువైనకొద్దీ ఆ రంగు పలచబడుతుంది. ఆ రోజు నా కళ్ల ముందే రంగు వెలిసిపోయింది. లీటరుకు మూడు పాయింటు నాలుగు మిల్లీగ్రాములు. ఒకటిన్నర దాటితే తాగకూడదు. నంబరు పట్టుకుని రిజిస్టరు వెతికితే, అది ఒక బడి ఆవరణలోని చేతిపంపు. పాత రిపోర్టులో నా చేతిరాతతో ఒకటి పాయింటు ఒకటి అని ఉంది.

నన్ను ఎవరూ పట్టుకోలేదు. పట్టుకునే అవకాశమూ లేదు. పైగా నా దగ్గర మంచి సాకు ఒకటి ఉంది. వానలు లేక నీటిమట్టం కిందికి పోతే ఫ్లోరైడ్ పెరుగుతుంది. అది శాస్త్రం, అబద్ధం కాదు. ఆ సంవత్సరం వానలు లేని మాటా నిజమే. నిజాలతోనే నా అబద్ధాన్ని కప్పేసుకోవచ్చు. రెండు రోజులు ఆ సాకును పట్టుకుని తిరిగాను. ప్రార్థనలో దేవునితో చెప్పుకున్నాను. చెప్పుకుంటే కొంత తేలికైంది కూడా. మూడోరోజు ఖాదర్ సార్ ముందు నిలబడి చెప్పాను. దేవునితో చెప్పడం సులువు, ఆయనతో చెప్పడం కష్టం. దేవుడు నా ముఖంలోకి అలా చూడలేదు.

సార్ చేతిలోని సీసా బల్ల మీద పెట్టాడు. నేను దేవుని దగ్గర ఒప్పుకున్నానని, పశ్చాత్తాపపడ్డానని అన్నాను.

"దేవునితో చెప్పుకున్నావు, బాగుండాది," అన్నాడు. "ఆ నీళ్లు తాగినారే పిల్లోళ్లు, వాళ్లతో ఎవురు చెప్పల్ల?"

మరునాడు ఎర్ర రంగు డబ్బా, కుంచె పట్టుకుని నేనే ఆ బడికి పోయాను. తాగకూడని పంపుకు ఎర్ర రంగు పూయడం అప్పటి పద్ధతి. అది నా పని కాదు, అయినా నేనే పూశాను. పిల్లలు చుట్టూ చేరారు. రెండో తరగతో మూడో తరగతో చదివే అమ్మాయి ఒకతె అడిగింది.

"మేడం, నిన్నటి దాకా తాగినాము గదా. ఈ పొద్దు ఏమైంది?"

"నిన్న కూడా బాగలేవు పాపా. చూడాల్సింది నేను. నేను చూడలేదు," అన్నాను.

ఆ పిల్ల పళ్ల మీద ఫ్లోరైడ్ వేసే పసుపుపచ్చ చారలున్నాయి. ఆ చారల్లో నా వంతు ఎంతో, ఇంటి బోరు వంతు ఎంతో ఎవరూ చెప్పలేరు. చెప్పలేరు కాబట్టి నా వంతు లేదని అనుకునే వీలు కూడా ఉంది. ఆ వీలును నేను వాడుకోను. సార్ నా చేత పైఅధికారులకు నా పేరుతోనే ఉత్తరం రాయించాడు. శిక్ష పడింది. దాన్ని గురించి రాయను, అది చిన్నది.

కరుణమ్మ బోరు

ఇక కర్నూలు సంగతి. అప్పటికి ప్రయోగశాల నా చేతి కింద ఉంది.

మా చర్చి సంఘానికి పెద్ద యోహాను గారు. ఆయన భార్య కరుణమ్మ నాకు ప్రాణ స్నేహితురాలు. చర్చి క్వాయర్‌లో ఏడేళ్లు ఇద్దరం పక్కపక్కన నిలబడి పాడాం. ఆమె క్యాన్సరుతో పోయింది. ఆమె పేరు మీద ఏదైనా మంచి చేయాలని యోహాను గారు తపించిపోయాడు. మంత్రాలయం పోయే దారిలో వాళ్లకు కొంత పొలం ఉంది. పక్కనే చిన్న ఊరు. ఆ ఊరి ఆడవాళ్లు చేలో బావి నుంచి ఎండలో బిందెలు మోసేవాళ్లు. ఆయన ఊరి పక్కన బోరు వేయించాడు. సంఘమంతా చెయ్యి కలిపింది. అరుగు కట్టి, కుళాయిలు పెట్టి, కరుణమ్మ పేరుతో రాయి నిలబెట్టారు. పండగలా ప్రారంభోత్సవం చేయడానికి ఒక ఆదివారాన్ని నిర్ణయించారు. ఆఖరున నీళ్లు నా దగ్గరికి వచ్చాయి, అనుకూలంగా ఒక కాగితం కోసం.

నంబరు వేసి నేనే చూశాను. రెండు పాయింటు ఆరు. నమ్మలేక మళ్లీ చూశాను. మూడోసారి మనిషిని పంపి కొత్తగా నీళ్లు తెప్పించి చూశాను. అదే అంకె. ఆ నీళ్లు చూపుకు తేటగా ఉంటాయి, నాలుకకు తియ్యగా ఉంటాయి. కాచినా ఫ్లోరైడ్ పోదు, ఇంకా చిక్కబడుతుంది.

మా అయ్యగారు, యోహాను గారు కలిసి మా ఇంటికి వచ్చారు. మా ఆయన దేవదాసు బడిపంతులు, సంఘ కమిటీలో సభ్యుడు. ఆయనే వాళ్లకు కాఫీ పెట్టించాడు. అయ్యగారు చెడ్డవాడు కాదు. మా అమ్మ ఆసుపత్రిలో ఉన్న నెల రోజులూ తప్పకుండా వచ్చి ఆమె మంచం పక్కన కూర్చున్న మనిషి. ఆయన ఎంతో నెమ్మదిగా చెప్పాడు. ఊరి జనం ఎదురుచూస్తున్నారు, ఇప్పుడు ఆగిపోతే అన్యులు మన సంఘాన్ని చూసి నవ్వుతారు, దేవుని పేరుకు మచ్చ. ఒకటిన్నరకూ రెండున్నరకూ ఉన్న తేడా ఎంతని. ఆడవాళ్ల నడకను తప్పించడం కూడా దేవుని పనే కదా అని.

యోహాను గారు ఒక్క మాటే అన్నాడు. "సుగుణమ్మా, కరుణ ఉండింటే నీకాడికే వచ్చి అడిగేది."

ఆ మాట నన్ను కోసేసింది. నిజం చెబుతున్నాను, నా చెయ్యి పెన్ను మీదికి పోయింది. రెండు పాయింటు ఆరును ఒకటి పాయింటు అయిదు చేస్తే ఎవరికి తెలుస్తుంది? దానికి పక్కన ‘వేరే ఆధారం లేనందున అనుమతించవచ్చు’ అని రాస్తే నా మనస్సాక్షి కూడా కొంత నిద్రపోతుంది. ఆ వాక్యం నాకు అంత తొందరగా తట్టింది చూడండి. తొమ్మిది సీసాలకు అంకెలు వేసిన మనిషి నాలో ఇంకా చావలేదు.

రాయలేనని చెప్పాను. అయ్యగారు లేచి, నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన మొదలుపెట్టాడు. ప్రభువా, నీ కుమార్తె హృదయాన్ని మెత్తపరచు, కాఠిన్యం తీసివేయి, సంఘ ఐక్యతకు అడ్డుపడే ఆత్మను గద్దించు అని. ఆయన ముగించాడు. యోహాను గారు ఆమెన్ అన్నాడు. మా ఆయన ఆమెన్ అన్నాడు. నా కోసం ఎదురుచూశారు.

నేను ఆమెన్ అనలేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి, ఒక ప్రార్థనకు ఆమెన్ అనకుండా నోరు మూసుకోవడం అదే మొదటిసారి. అయినా అనలేదు.

పిల్లలూ, ఇది గుర్తు పెట్టుకోండి. శోధన సినిమా హాలు దగ్గరో, సారా అంగడి దగ్గరో మాత్రమే నిలబడి ఉంటుందని మీకు ఆదివారం బడిలో నేర్పిస్తారు. నా దగ్గరికి అది తెల్ల బట్టలు వేసుకుని, మా ఇంట్లో కాఫీ తాగి, నా తల మీద చెయ్యి పెట్టింది.

ఆదివారం మధ్యాహ్నం

వాళ్లు వేరే ఎక్కడో ప్రైవేటు ప్రయోగశాల నుంచి కాగితం తెచ్చుకున్నారు. ఎలా తెచ్చారో నేను అడగలేదు. ఆ నీళ్లు పనికిరావని మా శాఖకు నేను రాసిన రిపోర్టు ఎక్కడో బల్ల మీద పడుకుంది. ప్రారంభోత్సవానికి పోనవసరం లేదని మా ఆయన అన్నాడు. ఇంట్లో ఉండిపోవడం కూడా ఒక రకం సంతకమేనని నాకు అనిపించింది. పోయాను.

షామియానా వేశారు. ఊరి జనం వచ్చారు, హిందువులు, ముస్లింలు, మా వాళ్లు. క్వాయర్ పాట పాడింది, నేనూ పాడాను. అయ్యగారు ప్రతిష్ఠ ప్రార్థన చేశాక యోహాను గారు కుళాయి తిప్పి స్టీలు గ్లాసు నింపాడు. జనం వైపు తిరిగి, ఈమె గవర్నమెంటు నీళ్ల కెమిస్టు, మా కరుణకు స్నేహితురాలు, మొదటి గ్లాసు ఈమె తాగుతుంది అని చెప్పాడు. గ్లాసు నా చేతిలో పెట్టి, నాకు మాత్రమే వినబడేలా, "కరుణ పేరు మీద. ఒక్క గుటక," అన్నాడు.

ఒక్క గుటకతో నాకు ఏమీ కాదు. గ్లాసంతా తాగినా కాదు. కానీ నేను తాగితే ఆ ఊళ్లో పుట్టబోయే పిల్లలంతా తాగుతారు. యోహాను గారి కళ్లలో నీళ్లున్నాయి. ఆయన నన్ను ఇరికించాలని ఆ పని చేశాడని ఈ రోజుకూ నేను అనుకోను. ఆయనకు ఆ నీళ్లు మంచివి కావాలి, అంతే.

గ్లాసు వంచి నీళ్లు మట్టిలో పోశాను.

"ఈ నీళ్లతో బట్టలు ఉతుక్కోండి, స్నానాలు చేయండి, గొడ్లను కడుక్కోండి," అన్నాను. "తాగొద్దు. వంటకు వాడొద్దు. పసిపిల్లలకు అసలే వద్దు. పళ్లు పాడైతాయి, ఎముకలు వంగిపోతాయి."

గోల మొదలైంది. ఎవరో నా ముందున్న మైకు లాక్కున్నారు. అయ్యగారు తల వంచుకున్నాడు. క్వాయర్ ఆడవాళ్లు నా పక్క నుంచి జరిగారు. అంతలో ముందు వరసలో బిందె పట్టుకుని నిలబడిన ముసలామె, పేరు నరసమ్మ అని తర్వాత తెలిసింది, నా దగ్గరికి వచ్చింది. ఆమె కోపంగా లేదు.

"తాగొద్దంటాండావు, సరే," అంది. "ఏం తాగల్లో అది గూడా చెప్పు."

మైకు లాక్కున్నవాళ్లు నన్ను ఏమీ చేయలేకపోయారు గానీ, నరసమ్మ ఆ ఒక్క మాటతో నా గర్వమంతా దింపేసింది. అప్పటిదాకా నేను గ్లాసు వంపడమే నా ధైర్యం అనుకున్నాను. వద్దు అని చెప్పినంత మాత్రాన పని అయిపోదు. వద్దన్నవాళ్లే మిగతాది మోయాలి.

మోశాను. చేలో బావిని శుభ్రం చేయించి, మందు వేయించి, వారం వారం నీళ్లు తెప్పించి చూశాను. నడక మాత్రం తప్పించలేకపోయాను. తుంగభద్ర నీళ్ల పైపులైను పక్క ఊరి దాకా వచ్చి ఆగి ఉంది. దాన్ని అక్కడి నుంచి ఈ ఊరికి లాగించడానికి నేను ఎక్కని ఆఫీసు మెట్లు లేవు. నరసమ్మను, ఇంకా నలుగురు ఆడవాళ్లను వెంటేసుకుని పోయేదాన్ని. మా అధికారి ఒకాయన, ఇది నీ పని కాదు కదమ్మా అని విసుక్కున్నాడు. కాదు సార్, అయినా వస్తాను అన్నాను. రెండు ఎండాకాలాలు పట్టింది. ఆ రెండు ఎండాకాలాలూ ఆడవాళ్లు నా మాట వల్ల నడిచారు. కొందరు నడవలేక ఆ బోరు నీళ్లే తాగారు, నాకు తెలుసు. నల్లా వచ్చిన రోజున నన్నెవరూ పిలవలేదు. నరసమ్మ మాత్రం ఎవరి ఫోనో తీసుకుని, "వచ్చినాయమ్మా," అని చెప్పి పెట్టేసింది.

బోరు వృథా కాలేదు. అరుగు మీద ఇప్పుడు ఆడవాళ్లు బట్టలు ఉతుకుతారు. కరుణమ్మ బోరు అనే అంటారు.

ఒక్క మాట

సంఘం నన్ను వెలివేయలేదు. అంత మాట ఎవరూ అనలేదు. క్వాయర్ ప్రాక్టీసు ఎప్పుడో నాకు చెప్పడం మానేశారు, అంతే. మా ఆయన మూడు వారాలు నాతో సరిగా మాట్లాడలేదు. తాగినట్టు నటించి ఉంటే సరిపోయేది కదా అని ఒకసారి అన్నాడు. అన్న తర్వాత ఆయనే సిగ్గుపడ్డాడు. తర్వాతి ఏడాది కమిటీకి మళ్లీ నిలబడలేదు. ఎందుకని నేనూ అడగలేదు.

మీకు చెప్పాలి, ఆ తర్వాతి నాలుగేళ్లు నా జీవితంలో అన్నిటికంటే కష్టమైన శోధన సాగింది. గ్లాసు వంపడానికి ఒక్క క్షణం చాలింది. ప్రతి ఆదివారం చివరి వరసలో, ఎవరూ పలకరించని చోట చాప మీద కూర్చోవడానికి మాత్రం ప్రతిసారీ కొత్తగా ధైర్యం కావాలి. ఇంకో సంఘానికి మారిపోదామా అనుకున్నాను. వాళ్లను ద్వేషిద్దామా అనుకున్నాను. ద్వేషం చాలా హాయిగా ఉంటుంది, ఎవరైనా లేదంటే నమ్మకండి. కొన్నాళ్లు ద్వేషించాను కూడా. ఆ నాలుగేళ్లలో నేను మెచ్చుకోదగ్గ క్రైస్తవురాలిని కాను.

కొత్త అయ్యగారు వచ్చాడు. చిన్నవాడు, మంచి మనసు. పాత గొడవ తీర్చేద్దామని కమిటీ ముందు నన్ను కూర్చోబెట్టాడు. యోహాను గారు కూడా ఉన్నాడు, తల ఎత్తలేదు. కొత్త అయ్యగారు చెప్పింది ఇది. నీళ్ల సంగతి ఎవరూ ఎత్తరు. అంతమంది ముందు ఆ విధంగా చేసినందుకు మాత్రం క్షమించండి అని ఒక్క మాట అంటే చాలు, ఈ ఆదివారమే క్వాయర్‌లో నిలబడవచ్చు.

ఒక్క గుటక. ఒక్క మాట. ఎప్పుడూ ఒక్కటే అడుగుతారు.

ఎంత ఆశ కలిగిందో చెప్పలేను. గొంతు దాకా వచ్చింది ఆ మాట. పక్కన మా ఆయన, కావాలంటే నీ తరఫున నేను చెప్తా అన్నాడు మెల్లగా. వద్దని ఆయన చెయ్యి నొక్కాను. యోహాను గారి వైపు తిరిగి చెప్పాను, మీ దుఃఖానికి దెబ్బ తగిలింది, దానికి నేను రోజూ బాధపడుతున్నాను, మీకు కావలసినన్ని సార్లు క్షమాపణ చెబుతాను అని. "ఆ నీళ్లు పోసినందుకు మాత్రం చెప్పను. మళ్లీ ఇస్తే మళ్లీ పోస్తాను."

యోహాను గారు ఇప్పటికీ నాతో ఏమీ అనడు. అన్నీ సర్దుకుంటాయని మీకు అబద్ధం చెప్పను. కొన్ని సర్దుకోవు. సర్దుకోవని తెలిసి కూడా నిలబడవలసి వస్తుంది.

ఆ ఆదివారం నేను చివరి వరసలోనే కూర్చున్నాను. పాట మొదలైంది. క్వాయర్‌లో కరుణమ్మ పాడే భాగం ఆమె పోయినప్పటి నుంచి ఎవరూ సరిగా అందుకోరు. నాకు అది మొదటి నుంచి చివరి దాకా వచ్చు. చాప మీద నుంచి లేచి నిలబడి, గొంతు పూర్తిగా ఎత్తి ఆ భాగం పాడాను. ముందు వరసల్లో తలలు వెనక్కి తిరిగాయి. కాస్త తగ్గించమని అయ్యగారి భార్య చేత్తో సైగ చేసింది.

నేను తగ్గించలేదు.